కొత్త బండిలో గాలి బాగా ఉంది

బోరు క్యాంపు, మణుగూరు అడవి
జూలై, 1985

బావమరిది సమ్మయ్యకు కాశయ్య దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ అక్క పిచ్చమ్మ, మా బోరు మిషను ముగ్గురమూ ఆగకుండా తిరుగుతున్నాం. ఖమ్మంలో నువ్వూ, నీ బాడీ షెడ్డూ, నీ వెల్డింగు పొగా బాగున్నారని తలుస్తాను.

నువ్వు కట్టి పంపిన కొత్త క్యాంపు బండి మొన్న చేరింది. వాగులో ఒకసారి దిగబడితే మా బోరు ఆపరేటరు భీమ్లా ట్రాక్టరు కట్టి లాగాడు. ఒక్క మేకు ఊడలేదు. ఆ సంగతి నీకు రాయకూడదనే అనుకున్నాను, ఇప్పటికే తలపాగా సరిపోవడం లేదంటావు.

కంట్రాక్టరు పెట్టిన షరతు మళ్ళీ చెబుతాను. ఈ వానాకాలమంతా కొత్త బండిలో ఉండి, పాత మోడళ్ళతో పోల్చి, ఏది మేలో దసరాకు నేను రాసివ్వాలి. బాగుందంటే మిగతా క్యాంపులకూ ఇదే మోడలు. బాగాలేదంటే ఇది నీ షెడ్డుకు తిరిగొస్తుంది, మేము పాత డబ్బా వ్యానులోకి పోతాం. డబ్బా వ్యాను అంటే మీ అక్కకు ఏమిటో నీకు తెలుసు. పోయిన వానాకాలం దాంట్లో ఆయాసం తిరగబెట్టి గోళ్ళు నీలమైతే, దవాఖానాకు చేరేలోపల రెండుసార్లు నా గుండె ఆగిపోయింది. "గాలి ఆడని చోట ఇంకో వానాకాలం ఉంచితే నా దగ్గరికి తేవద్దు, తెచ్చే అవసరం రాదు" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. పోనీ మీ ఇంటికి పంపుతానంటే వినదు. "నేను పోతే మీ అందరికి కూడు ఎవడు వండుతడు? నీ బోరు మిషను వండుతదా?" అంటుంది.

మోడళ్ళ సంగతికి వస్తే, మొట్టమొదటిది పెట్టె బండి. టేకు పలకలది, ట్రాక్టరు వెనక కట్టి లాగేది. దాంట్లో గాలికి కొదవ లేదు, పలకల సందుల్లోంచి గాలీ వానా జెర్రులూ కలిసే వచ్చేవి. చెదలు తిని అది పోయింది. రెండోది డబ్బా వ్యాను. అంతా రేకు. వాన చుక్క రాదు, గాలీ రాదు, పొయ్యి లోపలే. ఎండాకాలం దాంట్లో మేము ఇడ్లీల్లా ఉడికేవాళ్ళం. నీదాంట్లో మడతమంచాలు, పైన నీళ్ళ ట్యాంకు, వెనక తలుపు ఎత్తితే దాని కింద ఆరుబయట వంట బల్ల. మీ అక్క ఆ తలుపు ఎత్తడం దించడం చేస్తూ మొదటి పూట వంట మరిచిపోయింది.

ఇట్లు,
పస్తున్నా ఫిర్యాదు చేయని మీ బావ,
కాశయ్య

తా.క.: మంచాలు ఎవరి కొలతతో చేశావు? మా వాచ్‌మన్ దూలయ్య పడుకుంటే మోకాళ్ళ కింద భాగమంతా బండి బయటే. వాచ్‌మన్ పడుకోవడం ఏమిటని మాత్రం అడగకు.


ఖమ్మం, బాడీ షెడ్డు
జూలై, 1985

బావకు సమ్మయ్య వంగి దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం క్షేమం, షెడ్డు పైకప్పు ఒక్కటే అనుమానం.

మంచాల కొలత నాదే. నేను పట్టే మంచంలో పట్టనివాడు నిలబడి కాపలా కాయాలి, జీతం దానికేగా.

బావా, పాత మోడళ్ళు కట్టినవాళ్ళు సామాను కోసం కట్టారు. నేను అక్క కోసం కట్టాను. చిన్నప్పుడు ఆమె పక్కనే నా పడక. ఆ ఆయాసం చప్పుడు వింటూనే నిద్రపోయేవాణ్ణి, అది ఆగితే భయమేసి లేచేవాణ్ణి. అందుకే ఈ బండికి అయిదు చోట్ల గాలి పెట్టాను. అటు పక్క రెండు, ఇటు పక్క ఒకటి, నేల దగ్గర జాలీ ఒకటి. అయిదోది నా గొప్పతనం, నెత్తిమీద గాలి టోపీ. లోపల పడుకొని పైకి చూస్తే కప్పు చక్కకు గుండ్రటి జాలీ కనబడుతుంది. దాని పైన, రేకు దాటి, ఇత్తడి టోపీ ఉంటుంది. గాలి ఎటునుంచి వీచినా లోపలికి లాగుతుంది. నీళ్ళ ట్యాంకు, దాని మీది టార్పాలిన్ అడ్డం కాబట్టి అది కింది నుంచి మీకు కనపడదు. నేను మధిర పెళ్ళికి పోతే మా షెడ్డు పనివాడు చందూలాల్ బిగించి పంపాడు, రేకు పనిలో వాడి చెయ్యి చెయ్యే.

దసరాకు రాసివ్వాల్సింది నువ్వు. నీ రాతను బట్టి అక్క నీ దగ్గరుంటుందో లేదో తేలుతుంది. కాబట్టి మంచాల గురించి కొంచెం తగ్గించి రాయి.

ఇట్లు,
తలపాగా విప్పి పక్కన పెట్టిన,
సమ్మయ్య

తా.క.: నీళ్ళ ట్యాంకు స్నానానికి కాదు, వంటకు. మణుగూరులో నిన్నెరిగిన ప్రతివాళ్ళూ నీ స్నానం ఎంతసేపో చెప్పారు.


బోరు క్యాంపు
ఆగస్టు, 1985

సమ్మయ్యకు దీవెనలు. క్షేమమని రాయాలో వద్దో తెలియడం లేదు.

సంగతి కొంచెం ఇబ్బందిది. నీ బండిలో గాలి ఉన్నది. అడవిలో కూర్చొని ఇంతకంటే విప్పి రాయను. నువ్వు తెలివిగలవాడివి.

మధ్యాహ్నం తిండికి మిషను ఆపుతాం. పొద్దుటినుంచీ చెవుల్లో నిండి ఉన్న మోత ఒక్కసారి ఆగేసరికి అడవి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఊళ్ళో ఉండేవాళ్ళకు తెలియదు. పిట్ట కూడా అరవదు. మొన్న అందరం ఇప్ప చెట్టు కింద విస్తళ్ళ ముందు కూర్చున్నాం. మీ అక్క పప్పు వడ్డిస్తోంది. బండిలో ఎవరూ లేరు, తలుపు వేసి ఉంది. లోపలి నుంచి ఎవరో నిట్టూర్చారు. భీమ్లా ముద్ద చేతిలోనే ఉంచుకొని నన్ను చూశాడు. నేను వాణ్ణి చూశాను. మళ్ళీ నిట్టూర్చారు, అలసిపోయిన మనిషి కూర్చుంటూ వదిలినట్టు.

బోరు మోతకు నా చెవులు సగం పోయాయని నీకు తెలుసు. మీ అక్క పిలిస్తే అసలే వినపడదు. అలాంటి నాకే వినపడింది. తలుపు తీసి చూస్తే మడతమంచాలు, చాటలో ఉల్లిగడ్డలు తప్ప ఏమీ లేవు. కప్పుకున్న జాలీ వైపు ఎందుకో చూడబుద్ధి కాలేదు.

అప్పటినుంచీ మిషను ఆపిన ప్రతిసారీ, దీపం పెట్టే వేళకూ వస్తోంది. మనుషులు ఒకరి వెనక ఒకరు బయట పడుకుంటున్నారు. మీ అక్క ఒక్కతే లోపల హాయిగా నిద్రపోతోంది. ఆమెను చూస్తే నాకు ఇంకా భయంగా ఉంది.

ఇట్లు,
ఆరుబయట దోమల మధ్య,
కాశయ్య

తా.క.: దూలయ్యకు ఇప్పుడు మంచం పొడవు సరిపోతోంది. రాత్రంతా ముడుచుకొని కూర్చుంటున్నాడు.


ఖమ్మం
ఆగస్టు, 1985

బావకు సంతోషంతో దండాలు.

బండిలో గాలి ఉన్నదని రాశావు! ఆ ముక్క షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. చందూలాల్ సిగ్గుతో తల దించుకొని అవతలికి పోయాడు. పొగిడితే తట్టుకోలేడు పాపం.

నిట్టూర్చినట్టు ఉంటుందని రాశావు. అట్లాగే ఉంటుంది బావా, బాగా పనిచేస్తున్నదని గుర్తు అదే. ఒకటేనా, అయిదు గాలులూ తెలుస్తున్నాయా? పక్కలవి మెల్లగా వస్తాయి. నేల దగ్గరది పాదాలకు తగులుతుంది. పైది మాత్రం నేరుగా మొహం మీదికి దిగాలి. మీ మనుషులు బయట పడుకోవడం ఏమిటి, గాలి కోసమా? లోపలే దాని కింద తల పెట్టి పడుకోమను. నాలుగు రోజులు చల్లగా అనిపిస్తుంది, తర్వాత అదే అలవాటవుతుంది.

అక్క హాయిగా నిద్రపోతోందన్న మాట దగ్గర నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆ మాట వినడం ఇదే.

ఇట్లు,
నీ నోటి మెప్పు మొదటిసారి పొందిన,
సమ్మయ్య

తా.క.: సరిపోకపోతే మొహమాటపడకు. ఇంకో రెండు గాలులు బస్సు మీద వేసి పంపిస్తాను.


బోరు క్యాంపు
ఆగస్టు చివర, 1985

సమ్మయ్యా,

దీవెనలు ఈసారి ఆపి ఉంచాను.

ఇంకో రెండు పంపుతావా? బస్సు మీదనా? అంటే నీకు అన్నీ తెలిసే చేశావన్నమాట. నీ పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అక్క కోసం అయిదు పెట్టానని నీ చేతితో నువ్వే రాశావు. నేల దగ్గరది పాదాలకు తగులుతుందని ఇప్పుడు రాశావు. ఆ ముక్క భీమ్లాకు చదివి వినిపించడం నాదే తప్పు. వాడు అప్పటినుంచీ కాళ్ళు పైకి మడుచుకొని అన్నం తింటున్నాడు.

నిన్న దూలయ్యను తెచ్చి బండి ముందు నిలబెట్టాం. ఈ అడవిలో పుట్టి పెరిగినవాడు, మాకు తెలియనిది తెలుస్తుందని. చెవి ఒగ్గి విన్నాడు. గుట్ట వైపు చాలాసేపు చూశాడు. "ఆడ గాలి" అన్నాడు. అంతే, మేకలను కట్టేయడానికి పోయాడు. మా వాళ్ళంతా బండికి పది అడుగులు వెనక్కి జరిగారు. అందులోనూ ఆడది!

మీ అక్క మాత్రం, "ఆడదైతే మంచిదే, నాకు సోపతి" అంటుంది. నేను నవ్వలేదు.

నిజం చెప్పు. ఆ పైన ఉన్న గాలి ఎక్కడిది? ఎవరిది? నీ చేతికి ఎట్లా వచ్చింది?

ఇట్లు,
నీ అక్క మొగుణ్ణి అన్న సంగతి నీకు గుర్తు చేస్తూ,
కాశయ్య

తా.క.: రెండూ పంపకు. పంపితే కండక్టరుతోనే తిరిగి పంపేస్తాను, వాడి ఖర్మ.


ఖమ్మం
సెప్టెంబరు, 1985

బావకు దండాలు. కోపం ఎందుకో అర్థం కాలేదు, అయినా దండాలే.

ఆడ గాలి ఉందన్నాడా దూలయ్య? ఆడ ఉంటే మరి ఈడ? ఈడ కూడా ఉండాలె! రెండు పక్కలా పెట్టాను. ఒక పక్కే తెలుస్తున్నదంటే ఇటు కిటికీకి బియ్యం బస్తా అడ్డం పెట్టి ఉంటారు. తీసేయండి.

పైది ఎక్కడిదని అడిగావు. దాచాల్సిందేమీ లేదు. కొత్తది కాదు, కానీ కొత్తదానికంటే గట్టిది. విజయవాడలో పాత సామాను అమ్మే చోట దొరికింది. ఒక ముసలి లాంచీ గోదావరిలో మునిగితే, పైకి లాగి విప్పేశారు. దాని వంటగది నెత్తిమీద ఉండేదట ఇది. ఇత్తడి కాబట్టి నీళ్ళలో ఉన్నా చెక్కు చెదరలేదు. లోపల ఇంకా గోదావరి ఇసుక ఉంది. కడగమని చందూలాల్‌కు చెప్పాను, కడిగాడో లేదో.

అలాంటి గాలి మళ్ళీ దొరకదు బావా. వంటలు చేసే ఆడమనిషికి సరిగ్గా సరిపోతుందని అక్కను తలుచుకునే తెచ్చాను.

ఇట్లు,
సమ్మయ్య

తా.క.: లాంచీ మునిగినప్పుడు ఎవరికీ ఏమీ కాలేదట, అందరూ ఈదుకొని బయటపడ్డారట. వంటామె సంగతి మాత్రం అమ్మినవాడు చెప్పలేదు. నేనూ బేరంలో ఉండి అడగలేదు.


బోరు క్యాంపు
సెప్టెంబరు, 1985

ఒరేయ్ సమ్మయ్యా!

దయ్యం! దయ్యం! విప్పి రాస్తున్నాను, పగటిపూట రాస్తున్నాను, ఏమైనా కానీ. గాలి అంటే దయ్యంరా! మన ఊళ్ళో గాలి సోకిందంటే ఏమిటో మరిచిపోయావా? ఖమ్మం నీళ్ళు తాగి మన మాటలే మరిచిపోతివి! గోదావరిలో మునిగిన వంటామెను తెచ్చి నా పెళ్ళాం నెత్తిమీద పెట్టి బిగించి, పైగా అలవాటవుతుందంటావా!

నీ ఉత్తరం చదివిన పొద్దున భీమ్లా మూట కట్టాడు. "బోరు ఎంత లోతుకైనా దించుత గని, ఆ బండి మెట్టు మాత్రం ఎక్క" అని డబ్బా వ్యాను కిందికి పోయి పడుకున్నాడు. అందరూ వాడి వెనకే. బండి చుట్టూ వేపమండలు కట్టాం, నిమ్మకాయలు కట్టాం. ఎందుకైనా మంచిదని దూలయ్య తన గొడుగు కూడా కట్టాడు.

మీ అక్క ఏం చేసిందో విను. లాంచీ సంగతి అంతా వింది. "పాపం, ఆమె గూడ నా లెక్క పదిమందికి కూడు వండినదే" అంది. అప్పటినుంచీ వండిన ప్రతిసారీ మొదటి ముద్ద తీసి ఆకులో పెట్టి జాలీ కింద ఉంచుతోంది. నేను బయట పడుకోమంటే, "అవ్, నువ్వు పడుకో. ఈడ నాకు మంచిగ నిద్ర పడుతుంది" అంటుంది. ఆమె మంచిగానే ఉంది, అది నిజం. ముసురు పట్టి ఇన్ని రోజులైనా ఒక్క పూట ఆయాసం రాలేదు, నీళ్ళ కుండ తనే ఎత్తుతోంది. కానీ దాని బదులుగా ఏం పోతుందో నాకు తెలియదు. ఆమెను పోగొట్టుకుని నేను బతకలేను సమ్మయ్యా. ఇంత వయసొచ్చి ఈ మాట బావమరిదికి రాయడం సిగ్గుగా ఉంది, అయినా రాశాను.

దసరాకు కంట్రాక్టరు వస్తున్నాడు. బండి వెనక్కి పంపమనే రాసిస్తాను.

ఇట్లు,
కాశయ్య

తా.క.: దయ్యాలలో కూడా పాత సామానే కొన్నావు చూడు, అది నీ బుద్ధి.


ఖమ్మం
సెప్టెంబరు చివర, 1985

బావా, నా తండ్రివి కదూ, ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చొని చదువు.

నేను రాసిన గాలి పీల్చుకునే గాలి! ముక్కుతో పీల్చేది! సైకిలు ట్యూబులో కొట్టేది! అయిదు గాలులంటే గాలి వచ్చే అయిదు సందులు. నీ ఉత్తరం చదివాక నా పాతవన్నీ గుర్తు చేసుకొని మొదట నవ్వాను, తర్వాత నాకే భయమేసింది. దాని కింద తల పెట్టి పడుకోమన్నానా! పాదాలకు తగులుతుందన్నానా! భీమ్లా కాళ్ళకు నా తరఫున క్షమాపణ చెప్పు.

నిట్టూర్పు సంగతి వినుకో. ఆ టోపీ లోపల ఇత్తడి రెక్కలుంటాయి. గాలి దూరితే ఊఁ అంటాయి, వదిలితే హా అంటాయి. లాంచీలో కూడా అట్లాగే అనేవట. దయ్యమూ లేదు, వంటామె కూడా లేదు. ఆమె ఎక్కడో శుభ్రంగా ఈది బయటపడి మనవలను ఎత్తుకుంటూ ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యి. జాలీలో గోనె గుడ్డ కుక్కి చూడు. చప్పుడు ఆగిపోతుంది. మిగతా నాలుగు సందులున్నాయి కాబట్టి అక్కకు ఏమీ కాదు.

బండిని మాత్రం వెనక్కి పంపకు. అక్కకు ఆయాసం రాలేదని నువ్వే రాశావు. షెడ్డు సంగతి నేను చూసుకుంటాను, అక్క సంగతి మాత్రం నీ చేతిలోనే ఉంది.

ఇట్లు,
ఇకమీద చల్లదనం అనే రాస్తాను తప్ప ఆ రెండక్షరాలు రాయనని ఒట్టు పెట్టుకున్న,
సమ్మయ్య

తా.క.: దూలయ్య గొడుగు ఇప్పించెయ్యి. వానాకాలం, అతనికీ అవసరముంటుంది.


బోరు క్యాంపు
అక్టోబరు, 1985

బావమరిది సమ్మయ్యకు పాత బకాయితో సహా దీవెనలు.

నీ ఉత్తరం అందరినీ కూర్చోబెట్టి చదివాను. నవ్వి నవ్వి భీమ్లాకు పొలమారింది. దూలయ్యను నిలదీశాం, ఆడ గాలి అని ఎందుకన్నావని. అతను మమ్మల్ని పిచ్చివాళ్ళను చూసినట్టు చూశాడు. "ఆడ, ఆ గుట్ట మీద గాలి లేసింది, వానొస్తది అన్న. గందుకే మేకల కట్టేసిన. మీరు ఇనకుంట బండికి నిమ్మకాయలు కట్టుకుంటిరి" అన్నాడు. ఆ సాయంత్రం వాన పడిన మాట నిజమే. అంత తప్పు చదివీ ఆ ఒక్క మాట సరిగ్గా చదివినవాడివి నువ్వే.

ఆ తర్వాత జరిగింది నవ్వే సంగతి కాదు.

మర్నాడు మధ్యాహ్నం మిషను ఆపాక, నువ్వు చెప్పినట్టే జాలీలో గోనె గుడ్డ కుక్కాను. చప్పుడు ఆగింది. నేను చేతులు దులుపుకొని దిగాను. మీ అక్క బండి వెనక వంట బల్ల దగ్గర, ఆరుబయట, పప్పు ఎనుపుతోంది. చేతిలో గుత్తి జారిపోయింది. బల్ల పట్టుకొని వంగింది. నోరు తెరుచుకుంది, ఊపిరి రాలేదు. మొహం నల్లబడింది. గోళ్ళు పోయిన ఏడాది లాగే అయ్యాయి. పైన ఆకాశం, చుట్టూ చెట్లు కదిలేంత గాలి, ఆ మధ్యలో ఆమెకు గాలి లేదు! భీమ్లా ట్రాక్టరు స్టార్టు చేయడానికి పరుగెత్తాడు. నేను ఎందుకు పోయానో ఇప్పటికీ చెప్పలేను, బండిలోకి పోయి మంచమెక్కి ఆ గుడ్డ పీకేశాను. పైనుంచి పొడుగ్గా హా అని వచ్చింది. బయట ఆమెకు ఊపిరి వచ్చింది. రెండూ ఒక్కసారే సమ్మయ్యా. ఆమె కూర్చొని నీళ్ళు తాగి, పప్పు మాడిందని నన్ను తిట్టింది. ఆ తిట్లు వింటూ నేను ఏడ్చాను.

నీ టోపీ గాలి వంట బల్ల దాకా వస్తున్నదన్నమాట. అంత దూరం ఎట్లా వస్తున్నదో నీకే తెలియాలి. పోయినవారం కంట్రాక్టరు వచ్చాడు. లోపల కూర్చున్నాడు, చప్పుడు విని ఉలిక్కిపడ్డాడు, ఇత్తడి టోపీ అంటే తల ఊపాడు. నేను రాసిచ్చింది ఇది: పెట్టె బండికి వాన ఆగదు, డబ్బా వ్యానుకు ఊపిరాడదు, కొత్త మోడలు అన్నింటికంటే మేలు, మంచాలు పొట్టి, గాలి బాగా ఉన్నది. ఆయన ఒప్పుకున్నాడు. ఇంకో రెండు బండ్లు కట్టమంటున్నాడు. వాటికీ సరిగ్గా ఇట్లాంటి టోపీయే పెట్టు.

ఒక్క అనుమానం మిగిలింది. ఆకు కదలని పూట కూడా అది అట్లాగే నిట్టూరుస్తోంది. చెవులున్న భీమ్లా చెప్పింది రాస్తున్నాను: మూడు చిన్న గుక్కలు, తర్వాత ఒక పొడుగుది, చివర సన్నని ఈల, మళ్ళీ మూడు చిన్నవి. రెక్కలు అట్లా తిరుగుతాయా?

ఇట్లు,
నీ బావ,
కాశయ్య

తా.క.: ఇది మీ అక్క చెప్పగా రాసింది. "తమ్ముడా, నేను మంచిగున్న. పైనున్నదానికి ఇంత చోటు దొరికింది, అదేం అడుగుతలేదు. దాన్ని ఎల్లగొట్టొద్దని మీ బావకు గట్టిగ రాయి. నా మాట ఆయనకు ఇనపడదు."


ఖమ్మం
అక్టోబరు, 1985

బావకు దండాలు. ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు.

రెండో బండికి టోపీ కావాలి కదా, నీ దగ్గరున్నదాని కొలతలు చెప్పమని నిన్న చందూలాల్‌ను అడిగాను. వాడు అటక ఎక్కి ఒక గోనె మూట దించి నా ముందు పెట్టాడు. విప్పితే ఇత్తడి టోపీ. లాంచీది. లోపల గోదావరి ఇసుక అట్లాగే ఉంది.

"నీళ్ల ట్యాంకు అడ్డమొచ్చిందన్న. బొక్క కొడితే కారుతది. జాలీ చక్కకు బిగించి, పైన రేకు అట్లనే ఉంచిన. నువ్వు మధిర పోతివి. వచ్చినంక చెప్తమంటే బండి పోయింది. బావ గాలి ఉన్నదని రాసిండని నువ్వు అందరి ముంగట చదివితివి, ఇంగ నేను ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

నీ బండి నెత్తిమీద టోపీ లేదు బావా. రెక్కలు లేవు. బొక్కే లేదు. జాలీకి, రేకుకు మధ్య జానెడు చీకటి ఉంది, అంతే. ఆ రేకులో సూది దూరే సందు కూడా లేదని చందూలాల్ పిల్లల మీద ఒట్టేశాడు. వాడి రేకు పని నాకు తెలుసు, అబద్ధం కాదు. నువ్వు గోనె గుడ్డ కుక్కి ఆపింది గాలిని కాదు.

రాత్రి నీ ఉత్తరం మళ్ళీ తీశాను. మూడు చిన్న గుక్కలు, ఒక పొడుగుది, చివర ఈల. లాంచీ వంటామె కాదు బావా. నేను నడక రాకముందు నుంచీ విన్న చప్పుడు అది. దాన్ని వింటూనే నిద్రపోయేవాణ్ణని నీకు రాశాను కూడా. నీకు చెవుల్లేవు, భీమ్లాకు మన ఇంటి సంగతి తెలియదు, అందుకే ఎవరూ పోల్చుకోలేదు. అది అక్క ఆయాసం. ఎక్కడికీ పోలేదు. ఆమె రొమ్ములో ఉండటం మానేసి ఆ జానెడు చోట్లో ఉంటోంది. అక్కకు మనకంటే ముందే తెలుసు, చోటు దొరికిందని రాయించింది కదా.

ఇది తెలిసి మొదట దీపం వత్తి పెద్దది చేసుకొని కూర్చున్నాను. తర్వాత చెప్పలేనంత సంతోషం కూడా కలిగింది. ఏం చేయాలో నాకు తోచింది చెబుతాను. పైన రేకు విప్పొద్దు. ఎవరినీ పిలిపించొద్దు. ముద్ద పెట్టడం మానొద్దు, లాంచీ ఆమె పేరు మాత్రం తీసేయండి. ఈ బండి ముసలిదైనా వేలం వేయనివ్వకు, నువ్వు ఉద్యోగం దిగిపోయే నాటికి ఎట్లాగైనా నేను దాన్ని తెచ్చుకుంటాను. అక్క ఎక్కడుంటే అది అక్కడే ఉండాలి. మిగతా రెండు బండ్లకు బొక్క కొట్టి నిజమైన టోపీలే పెడతాను, కారితే కారనీ.

ఇట్లు,
చిన్నప్పటి పడక గుర్తొచ్చి నిద్ర రాని నీ బావమరిది,
సమ్మయ్య

తా.క.: కంట్రాక్టరుకు గాలి బాగా ఉన్నదని రాసిచ్చావు కదా. ఇది చదివి భయపడి ఆ మాట కొట్టెయ్యకు. నువ్వనుకున్నట్టు చదివినా, నేననుకున్నట్టు చదివినా అది నిజమే.